ఓటు కవరు మీద దేవుడి పేరు వద్దు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల గుడి, చర్చి, మసీదు పెద్దలకు బహిరంగ లేఖ

ఆలయ ధర్మకర్తలకు, అర్చకులకు, సంఘ కాపరులకు, ఇమాములకు, మసీదు కమిటీలకు, దర్గా ముజావర్లకు, సముద్రం ఒడ్డు పట్టపుపాళేల (మత్స్యకారుల ఊళ్ళ) పెద్దలకు, అలాగే ఎన్నికల అధికారులకు

నమస్కారం.

ఎన్నికల డ్యూటీలు చేసి రిటైరైన టీచర్లం, రెవెన్యూ ఉద్యోగులం, బూత్ లెవల్ ఆఫీసర్లుగా పనిచేసినవాళ్ళం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మాలో గుడికి వెళ్ళేవాళ్ళున్నారు, ఆదివారం ఆరాధన మానని వాళ్ళున్నారు, అయిదు పూటలా నమాజు చేసేవాళ్ళున్నారు. ఓటుకు డబ్బిచ్చి దేవుడి మీద ఒట్టు వేయించుకోవడం గురించి ఇదివరకే అర్జీలు పెట్టాం. రసీదులు చేతికొచ్చాయి. ఒక్కచోట మాత్రం జవాబు వచ్చింది: నగదు పట్టుబడలేదు కాబట్టి చర్య తీసుకోవడానికి ఏమీ లేదని. మేం ఫిర్యాదు చేసింది నగదు గురించి మాత్రమే కాదు, ఒట్టు గురించి. ఆ సంగతి ఎవరూ చదివినట్టు లేదు. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా జరిగిన పంచాయతీ ఎన్నికలకు అయిదేళ్ళు నిండాయి. మళ్ళీ ఎన్నికల మాట ఊళ్ళలో మొదలైంది. ఈసారి నోటిఫికేషన్ రాకముందే మీ అందరి ముందూ ఈ విషయం పెడుతున్నాం.

1. జరిగేది ఇది

పోలింగు దగ్గరపడ్డాక ప్రచారం గడువు ముగిసి మైకులు ఆగిపోతాయి. అసలు పని మొదలయ్యేది అప్పుడే. అభ్యర్థి మనుషుల దగ్గరుండే ఓటరు జాబితా జిరాక్సు కాగితాల మీద ప్రతి పేరు పక్కనా పెన్సిల్ గుర్తు ఉంటుంది: మనవాళ్ళు, అవతలివాళ్ళు, ఎటూ తేలనివాళ్ళు. మనవాళ్ళకు డబ్బు కవరిచ్చి వెళ్ళిపోతారు. అవతలివాళ్ళ గడప తొక్కరు. ఒట్టు మూడో రకం ఇళ్ళకు.

వచ్చేది ఇద్దరు. అందులో ఒకరు ఆ వీధి మనిషే అయి ఉంటారు, కాదనడానికి మొహమాటం అడ్డు రావాలని. ఇంట్లోంచే ఒక స్టీలు పళ్ళెం అడుగుతారు. అందులో పసుపు, కుంకుమ, రెండు తమలపాకులు, కర్పూరం బిళ్ళ, జేబులోంచి తీసిన చిన్న దేవుడి పటం. కవరు పటం ముందు పెడతారు, చేతికివ్వరు. కర్పూరం వెలిగిస్తారు. ఇంటావిడ పళ్ళెం మీద చెయ్యి చాపి గుర్తు పేరు చెప్పి ‘మా ఇంట్లో ఓట్లన్నీ దీనికే’ అనాలి. అప్పుడు కవరు తనే తీసుకోవాలి. చంటిబిడ్డ ఉంటే బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టమంటారు. క్రైస్తవుల ఇంట్లో పళ్ళెం ఉండదు, బైబిలు ఉంటుంది. ముస్లింల ఇంట్లో అల్లా పేరు మీద నోటితో అనిపిస్తారు. రెండు నిమిషాల్లో అంతా అయిపోతుంది. పక్కింటి తలుపు కొడతారు.

2. ఒట్టు ఎందుకు కావలసి వస్తోంది

ఎవరు ఎవరికి ఓటేశారో డబ్బు పంచినవాడికి తెలిసే దారి లేదు కాబట్టి. ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ ప్రకారం ఎవరికి ఓటేశావో చెప్పమని ఏ ఓటరునూ బలవంతపెట్టడానికి వీల్లేదు. 128వ సెక్షన్ పోలింగ్ సిబ్బంది నోరు కట్టేస్తుంది. బూత్‌లో 17ఎ రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటారు, అందులో మీ పేరుకూ మీరు నొక్కిన మీటకూ లంకె లేదు. ఓటింగ్ యంత్రం పక్కనుండే వీవీప్యాట్ అద్దం వెనక చీటీ 7 సెకన్లు కనబడి పెట్టెలో పడిపోతుంది, దాని మీద అభ్యర్థి క్రమ సంఖ్య, పేరు, గుర్తు తప్ప ఓటరు పేరు ఉండదు. పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్‌కు గులాబీ కాగితం, వార్డు సభ్యుడికి తెల్ల కాగితం. మడిచి పెట్టెలో వేశాక ఏది ఎవరిదో వేసినవాళ్ళే గుర్తుపట్టలేరు.

మనుషులెవరూ చూడలేని చోట చూడగలిగేది దేవుడొక్కడే అని పల్లెల్లో నమ్మకం. పంచేవాడు ఆ నమ్మకాన్నే కాపలా పెడుతున్నాడు. చట్టం ఇచ్చిన రహస్యాన్ని భక్తితో బద్దలు కొడుతున్నాడు. అందుకే ఈ లేఖ ముందుగా మీకు రాస్తున్నాం. ఈ తాళం తీయడం పోలీసుల వల్ల అయ్యే పని కాదు, మీ ఒక్కరి మాటతోనే అవుతుంది.

3. నష్టపోయేది భక్తి ఉన్నవాళ్ళే

దేవుడంటే లెక్కలేనివాడు ఇద్దరి దగ్గరా కవర్లు తీసుకుని తనకు నచ్చినవాడికి ఓటేస్తాడు, రాత్రి హాయిగా నిద్రపోతాడు. శనివారం మాలకొండ గుడికి పోయి వచ్చే ముసలమ్మ, ఉపవాసాలుండే ఇల్లాలు అలా చేయలేరు. నమ్మకం ఎంత గట్టిదైతే ఓటుకు అంత గట్టి సంకెల. ఇంకా ఇవీ:

క) ఒట్టు వేసేది ఒకరు, కట్టుబడాల్సింది ఇంట్లో నలుగురు. కొత్తగా ఓటొచ్చిన కూతురు ‘నేను ఒట్టు వెయ్యలేదుగా’ అంటే, ‘నీ తమ్ముడి నెత్తిన చెయ్యి పెట్టానే’ అని తల్లి ఏడుస్తుంది. పద్దెనిమిదేళ్ళ పిల్లకు రాజ్యాంగం ఇచ్చిన మొదటి ఓటు అక్కడే పోతుంది.

ఖ) ఇద్దరి పళ్ళెం మీదా చెయ్యి పెట్టాల్సి వచ్చిన ఇల్లాలు ఎటేసినా ఒక ఒట్టు తప్పినట్టే. అందుకని పోలింగు రోజు కడుపునొప్పి అని పడుకుంటుంది. రాలేదేమని అడిగితే కారణం చెప్పదు.

గ) ఒట్టు తప్పి మనసుకు నచ్చినట్టు వేసినవాళ్ళ భయం పోలింగుతో పోదు. బిడ్డకు జ్వరం వచ్చినా, గేదెకు చూలు పోయినా, రొయ్యల గుంటకు వైట్‌స్పాట్ తెగులు తగిలినా ‘ఒట్టు కొట్టింది’ అనుకుంటారు. వైట్‌స్పాట్ వైరస్ వల్ల వస్తుంది. సీడు (రొయ్య పిల్లలు) పరీక్ష చేయించకపోవడం, పక్క గుంట నీళ్ళు కలవడం దానికి దారి. కానీ ఆ ఇంట్లో ల్యాబుకు పోవలసిన డబ్బు కోడికీ, పొంగలికీ, తలనీలాలకూ పోతుంది. కవరులో వచ్చినదానికంటే పరిహారానికి పెట్టేది ఎక్కువ.

ఘ) గెలిచినవాడి దగ్గరికి మురుగుకాలువ గురించి అడగడానికి పోతే ‘ఊరికే వేశారా, కవరు తీసుకున్నారుగా’ అనే మాట. ఆ మాట పడ్డ మనిషి రెండోసారి అడగడు.

4. ఒక్కడి ఓటు రహస్యమే, పాళెం ఓటు రహస్యం కాదు

ఇది చాలామందికి తెలియని లొసుగు. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో ఫారం 20లో బూత్‌ల వారీగా ఓట్లు ప్రకటిస్తారు, ఎవరైనా చూడవచ్చు. ఒక పాళేనికి ఒకే బూత్ ఉంటే ఆ పాళెం ఎటు వేసిందో మర్నాటికి అందరికీ తెలుస్తుంది. పంచాయతీలో వార్డు కాగితాలు ఏ వార్డువి ఆ వార్డుకే లెక్కపెడతారు. రెండు వందల ఓట్ల వార్డులో ఇంటిపేర్లతో సహా లెక్క తేల్చేస్తారు. బ్యాలెట్ కాగితాల కాలంలో లెక్కింపుకు ముందు వేర్వేరు బూత్‌ల కాగితాలు కలిపేందుకు నిబంధనల్లో వీలుండేది. ఈవీఎంలు వచ్చాక ఏ యంత్రం లెక్క దానిదే. కొన్ని యంత్రాల ఓట్లు కలిపి చూపే టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘం 2008లోనే కోరింది. 2015లో లా కమిషన్ 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. అది ఇంకా అమల్లోకి రాలేదు.

అందువల్ల పట్టపుపాళేల్లో పెద్దలు గుడి దగ్గర కూర్చుని ఫలానా గుర్తుకే అని దురాయి (పాళెమంతా కట్టుబడాల్సిన ఆన) వేస్తే, తప్పినవాళ్ళు ఎవరో తెలియకపోయినా ‘ఎవరో తప్పారు’ అన్నది లెక్కింపులో తేలిపోతుంది. ఆ తర్వాత అనుమానం ఎవరి మీద పడితే వాళ్ళకు వలపని దొరకదు, పెళ్ళికి పిలుపు రాదు. దురాయి పాళేల్లో ఎన్నో మంచి పనులు చేసింది. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపించడానికి, గొడవలు పోలీసుస్టేషను దాకా పోకుండా చూడడానికి అది ఉపయోగపడింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం కాగితం మీద మిగిలిపోకుండా నిలవాలంటే పెద్దల మాట కావాలి. అలాంటి కట్టుబాటును ఓటుకు వాడితే, రేపు వేట నిషేధానికి దురాయి వేసినప్పుడు కూడా ‘దీనికెంత తీసుకున్నారు’ అని కుర్రాళ్ళు అడుగుతారు.

5. గుడి పేరు మీద సర్పంచ్ పదవి వేలం పాట

మమ్మల్ని అన్నింటికంటే బాధపెట్టేది ఇది, ఎందుకంటే చూడడానికి పుణ్యంలా ఉంటుంది. పోటీ వద్దు, గొడవలొద్దు, ఆ ఖర్చేదో రామాలయానికి పెడదాం అంటారు. నామినేషన్లకు ముందు గుడి అరుగు మీద పాట పెడతారు. ఎక్కువ పాడినవాడికి పదవి. బయానా కమిటీ చేతికి పోతుంది, మిగతాది వాయిదాలు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుంటారు. మిగిలిన ఆశావహులు గర్భగుడి ముందు నామినేషన్ వెయ్యమని, వేసినా ఉపసంహరించుకుంటామని ప్రమాణం చేస్తారు. దానికి ఏకగ్రీవం అని పేరు.

ఆ స్టాంపు కాగితానికి విలువ లేదు. చట్టవిరుద్ధమైన ప్రయోజనం కోసం రాసుకున్న ఒప్పందం భారత ఒప్పందాల చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. డబ్బిచ్చి ఒకరిని పోటీ నుంచి తప్పించడం లంచమే, గుడికిచ్చినా ఇంటికిచ్చినా. 2021 జనవరిలో మహారాష్ట్రలో రాష్ట్ర ఎన్నికల సంఘం నాసిక్ జిల్లా ఉమ్రాణే, నందుర్బార్ జిల్లా ఖోండామళి పంచాయతీల ఎన్నికలను ఈ వేలం కారణంగానే రద్దు చేసింది. ఉమ్రాణేలోనూ పాట గుడి పేరు మీదే జరిగింది.

ఇక డబ్బు సంగతి. ఒకడు గుడికి 20 లక్షలు పాడాడనుకుందాం. సర్పంచ్ గౌరవ వేతనం అయిదేళ్ళు పోగేసినా అందులో చిన్న ముక్క కూడా రాదు. మరి ఎక్కడి నుంచి రాబడతాడు? పంచాయతీ చేతికి వచ్చే పెద్ద మొత్తం ఆర్థిక సంఘం గ్రాంట్లే. 2021–26కు 15వ ఆర్థిక సంఘం వాటిలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టింది. అంటే పైపులైను, మురుగుకాలువ, చెత్త బండి. ఆరంగుళాల మందం పోయాల్సిన కాలువ అడుగుభాగం మూడంగుళాలకు వస్తుంది. సిమెంటు పాలు తగ్గుతుంది. రెండో వానకాలానికి అంచులు విరిగి ఇళ్ళలోకి మురుగు తన్నుతుంది. ఆ కాలువ సాధారణంగా ఊరి చివర, పల్లపు వైపు, మాలపల్లె మాదిగపల్లె పక్కన ఉంటుంది. ఆ ఇళ్ళలో చాలామంది చర్చికి పోయేవాళ్ళు. ఆ గుడి మీద వాళ్ళకు హక్కు లేదు, ఆ పాటలో వాళ్ళను పిలిచి అడిగినవాళ్ళు లేరు, గుడి కట్టడానికి అమ్మింది మాత్రం వాళ్ళ ఓటు కూడా. రిజర్వుడు పంచాయతీ అయితే ఇంకా ఘోరం: పాట పాడేది ఒకరు, వాళ్ళ పొలంలో పనిచేసే మనిషి పేరు మీద నామినేషన్, చెక్కు మీద సంతకం ఆ మనిషిది, చెక్కుబుక్కు ఉండేది పాడినవాడి బీరువాలో.

శ్రీరాముడికి గుడి కట్టుకోవాలంటే చందా పుస్తకం వేసుకుని ఇంటింటికీ తిరగడం మన ఊళ్ళకు తెలియని పని కాదు.

6. చట్టం ఉంది, ఎందుకు పనిచేయడం లేదు

దైవాగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించడం నేరమని చట్టంలో 1920 నుంచీ ఉంది. అప్పుడు శిక్షాస్మృతి 171సి, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్. శిక్ష 174వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇది పంచాయతీతో సహా అన్ని ఎన్నికలకూ వర్తిస్తుంది. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు దీనిపైన ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ రెండో క్లాజు ఉంది. రుజువైతే గెలిచిన ఎన్నికే రద్దవుతుంది. మతం పేరుతో ఓటడగడాన్ని అదే సెక్షన్ మూడో క్లాజు నిషేధించింది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడగడం కూడా అందులోకి వస్తుందని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 మెజారిటీతో తేల్చింది. ప్రార్థనా స్థలాన్ని రాజకీయ పనికి వాడితే 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం కింద నిర్వాహకుడికి అయిదేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా.

ఇన్ని ఉండీ ఆగిపోయేది మూడు చోట్ల. ఓటరును భయపెట్టడం, లంచం రెండూ పోలీసులు తమంతట తాము కేసు కట్టలేని నేరాలు. మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని దర్యాప్తు మొదలుపెట్టాలి. ఆ అనుమతి కోసం దరఖాస్తు రాసేలోపు పోలింగు అయిపోతుంది. రెండోది, ఎన్నికల ఉల్లంఘనల మీద ఫిర్యాదు పంపే సీవిజిల్ యాప్. ఫొటో గానీ రెండు నిమిషాల వీడియో గానీ పంపితే 100 నిమిషాల్లో చర్య అన్నది మంచి ఏర్పాటే. కానీ అది కేంద్ర ఎన్నికల సంఘం నడిపే ఎన్నికలకు ఉద్దేశించింది, పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘానివి. పైగా ఒట్టు ఫొటోకు చిక్కదు. పళ్ళెం, పసుపు, కర్పూరం ప్రతి ఇంట్లో ఉండే వస్తువులే. మూడోది భయం. లంచం ఇచ్చినవాడితో పాటు తీసుకున్నవాడూ చట్టం ముందు దోషే. ఫిర్యాదు చేయడానికి వచ్చిన ముసలమ్మనే ‘నువ్వెందుకు తీసుకున్నావ్’ అని ముందు అడిగితే ఆ వీధిలో ఇంకెవరూ నోరు విప్పరు.

7. మేం అడగనిది

మతాన్ని మనసులోంచి తీసేసి ఓటెయ్యమని మేం చెప్పడం లేదు. అలా ఎవరి వల్లా కాదు, అవసరమూ లేదు. బడి పక్కన మద్యం దుకాణం పెట్టినవాడికి ఓటెయ్యనని ఒక విశ్వాసి అనుకుంటే, వడ్డీ పీల్చేవాడికి వెయ్యనని ఒక నమాజీ అనుకుంటే, గోశాలకు నీళ్ళ ట్యాంకు పెట్టించినవాడికే వేస్తానని ఒక భక్తుడు అనుకుంటే అది వాళ్ళ హక్కు. మంచిచెడ్డలు మీ దగ్గరే నేర్చుకుంటారు, వాటిని బూత్‌లోకీ తీసుకుపోతారు. మేం వేరు చేస్తున్నది ఒక్కటే: నమ్మకం ఓటరు లోపలి నుంచి మాట్లాడడం వేరు, బయటివాడు వచ్చి దాన్ని గొంతు మీద పెట్టడం వేరు.

ఈ తేడా తెలిసినవాళ్ళు మన జిల్లాల్లోనే ఉండేవాళ్ళు. 1876–78 ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, సహాయం పంచుతున్నంత కాలం ఇవ్వలేదు. కూటి కోసం విశ్వాసం అనే మాట రాకూడదని. సహాయం ఆగాకే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర మొదలుపెట్టారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది. ఆ సంఘాల వారసులైన కాపరులు కవరు పక్కన బైబిలు ఎలా ఒప్పుకుంటారు?

నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగ చూడండి. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్ళు తీసుకుంటారు. ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె. ఇచ్చేవాడి మతం తీసుకునేవాడు అడగడు. మొక్కుకునేది మనిషి, ఏం మొక్కుకోవాలో తేల్చుకునేదీ ఆ మనిషే, తీర్చేది కూడా తన ఇష్టంతోనే. మొక్కు అంటే అది. పళ్ళెం ముందు వేయించుకునేది మొక్కు కాదు.

8. అలాంటి ఒట్టు కట్టదని మీ గ్రంథాలే చెబుతున్నాయి

ఇది మీకు మేం చెప్పగలిగేంతవాళ్ళం కాదు. అయినా జనానికి చెప్పేటప్పుడు మూడు చోట్లు పనికొస్తాయని గుర్తుచేస్తున్నాం. మహాభారతం కర్ణపర్వంలో నిజమే చెప్పాలన్న వ్రతం పట్టిన కౌశికుడు దొంగలకు దారి చూపి, అమాయకుల చావుకు కారణమై నరకానికి పోయాడు. మాట నిలబెట్టుకోవడమే ధర్మం కాదని శ్రీకృష్ణుడు అర్జునుడికి చెప్పిన కథ అది. మార్కు సువార్త 6వ అధ్యాయంలో హేరోదు తన ఒట్టుకు కట్టుబడే యోహాను తల తీయించాడు. మత్తయి 5వ అధ్యాయం అసలు ఒట్టే పెట్టుకోవద్దంటుంది. ఖురాన్ 5వ సూరా 89వ వచనం తప్పిన ప్రమాణానికి పరిహారం చెబుతుంది: పదిమంది పేదలకు అన్నం లేదా బట్టలు, లేదా ఒక బానిసకు విముక్తి, అవీ కుదరకపోతే మూడు రోజుల ఉపవాసం.

9. మీ నుంచి మేం కోరేవి

1) నోటిఫికేషన్ వచ్చిన వారంలో ఒకసారి, పోలింగుకు ముందు వచ్చే శుక్రవారం, శనివారం, ఆదివారాల్లో ఒకసారి, మైకులు ఆగిన సాయంత్రం ఇంకోసారి, ఈ లేఖ చివర రాసిన మాటలు చదివి వినిపించండి. మూడోదే ముఖ్యం. కవర్లు బయల్దేరేది ఆ రాత్రే.

2) ఒట్టు వేసి భయపడుతున్నవాళ్ళు వస్తే విడుదల చెప్పి పంపండి. ఏ గుర్తు, ఎవరిచ్చారు, ఎంత అని అడగవద్దు. రుసుము, దక్షిణ, కానుక తీసుకోవద్దు. ఒక దణ్ణం, ఒక ప్రార్థన, ఒక దువా చాలు.

3) నోటిఫికేషన్ నుంచి ఫలితాల దాకా అభ్యర్థుల నుంచి, వాళ్ళ మనుషుల నుంచి విరాళాలు పుచ్చుకోవద్దు. సున్నం బస్తా, మైకు సెట్టు, ప్రహరీ గోడ కూడా విరాళమే. ఆ తర్వాత తీసుకున్నదానికి రసీదిచ్చి, బోర్డు మీద రాయండి.

4) గుడి అరుగు, చర్చి వరండా, మసీదు ఆవరణ పదవి పాటకు ఇవ్వవద్దు. ధూపదీప నైవేద్యం డబ్బు మీదో గౌరవ వేతనం మీదో బతికే అర్చకుడు, ఇమాము, కాపరి ఒంటరిగా కాదనలేరని మాకు తెలుసు. ఆ మాట కమిటీ తీర్మానం పుస్తకంలో ముందే రాసి సంతకాలు పెడితే ‘నా చేతుల్లో లేదు’ అని ఆయన చెప్పుకోగలడు.

5) పాళేల పెద్దలు ఓటు మీద దురాయి వెయ్యబోమని ముందే చాటింపు వేయించాలి.

అధికారుల నుంచి:

6) ఫ్లయింగ్ స్క్వాడ్‌లు, పోలింగ్ సిబ్బంది శిక్షణలో ‘దైవాగ్రహం’ నేరాన్ని నగదుతో సమానంగా చెప్పాలి. ఫిర్యాదు ఫారంలో విడిగా గడులుండాలి: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ పటం లేదా గ్రంథం ముందు, అనిపించిన మాటలు, వచ్చినవాళ్ళు ఎంతమంది, చూసినవాళ్ళు ఎవరు. ఫోన్ రికార్డింగు ఉంటే, దాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోవడానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం నమూనా ఫారానికి జత చేసి ఉంచాలి. అది లేక రికార్డింగులు పనికిరాకుండా పోతున్నాయి.

7) మేజిస్ట్రేటు అనుమతికి దరఖాస్తు నమూనా ప్రతి స్టేషన్‌లో ముందే టైపు చేయించి పెట్టాలి. అందిన రోజే కోర్టుకు పోవాలి.

8) ముందుకొచ్చి చెప్పిన ఓటరును సాక్షిగా చూడాలి. కవరు అప్పగించినవాళ్ళను స్టేషన్ల చుట్టూ తిప్పవద్దు.

9) ఒక్క నామినేషనే మిగిలిన ప్రతి పంచాయతీలో, ఉపసంహరించుకున్న ప్రతి ఒక్కరినీ విడివిడిగా పిలిచి, ఊరి పెద్దలు పక్కన లేకుండా కారణం అడిగి రాసుకోవాలి. గుడి ఖాతాలో ఆ నెలలో పడ్డ జమలు చూడాలి. పాట జరిగిందని తేలితే ఆ ఏకగ్రీవాన్ని ప్రకటించవద్దు, ఏకగ్రీవానికి ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహక నిధులు విడుదల చేయవద్దు.

చదివి వినిపించమని కోరుతున్న మాటలు ఇవి. మీ యాసలోకి, మీ పద్ధతిలోకి మార్చుకోండి, అర్థం మార్చవద్దు:

‘ఓటు కోసం డబ్బు పెట్టి వేయించుకున్న ఒట్టుకు ఇక్కడి దేవుడు సాక్షి కాదు. ఆశపెట్టో భయపెట్టో చేయించిన ప్రమాణం తప్పినందుకు మీకు గానీ మీ బిడ్డలకు గానీ కీడు జరగదు. ఒకరు వేసిన ఒట్టు ఇంట్లో ఇంకొకరిని కట్టదు. డబ్బు తీసుకోవడం తప్పు, తీసుకోకండి. ఎవరికి వెయ్యాలో ఇక్కడ ఎవరూ చెప్పరు. మీరు ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు.’

ఇవి చదవడానికి ఒక్క నిమిషం పట్టదు. చదువుతామని ఒప్పుకున్నవాళ్ళు ఆ సంగతి నోటీసు బోర్డు మీద పెట్టండి. ఒప్పుకోనివాళ్ళు కారణం చెబితే వింటాం, వచ్చి మాట్లాడతాం.

ఇట్లు,
ఎన్నికల విధుల్లో పనిచేసి రిటైరైన ఉద్యోగులు, ఓటర్లు
నెల్లూరు, ప్రకాశం జిల్లాలు